మామయ్య కొట్టు, మా రేడియో వయొలిన్

ఆ రోజుల్లో మామూలు మనిషి పోతే ఇంటికి టెలిగ్రాం వచ్చేది, మహామనిషి పోతే రేడియో చెప్పేది. అదీ మాటల్లో కాదు. ఉన్నట్టుండి పాటలూ నాటికలూ ఆగిపోయి వీణో వయొలినో ఏకధాటిగా మోగిందంటే ఎవరో పెద్దాయన వెళ్ళిపోయారని అర్థం. పేరు తెలిసేలోపే బజారులో కొట్లు మూతపడేవి. ఈ సంగతి లోకమంతటికీ తెలుసు, రేడియోలో ఉద్యోగం చేస్తున్న నాకు తప్ప. (తెలియక కాదు, ఆ పొద్దున గుర్తు రాలేదు, అంతే.)

నేను అప్పట్లో నందిగామలో తొలి బస్సెక్కి, కంచికచర్ల దాటేదాకా కునికిపాట్లు పడుతూ పట్నం చేరి, రేడియో స్టేషన్లో తాత్కాలిక అనౌన్సరుగా పనిచేసేదాన్ని. డిగ్రీ అయిన పిల్లకు పెళ్ళి చేసేయాలన్న మా నాన్నతో పోట్లాడి తెచ్చుకున్న కొలువది. రేడియో వాళ్ళు వద్దన్న రోజున మారు మాట్లాడకుండా ఇంటికి రావాలని ఆయన షరతు. మా డ్యూటీ ఆఫీసరుకు మేం పెట్టుకున్న పేరు గడియారం గారు. మనుషుల ముఖాల కన్నా గోడ గడియారాన్నే ఎక్కువ చూసేవారు. రాసిచ్చిన కాగితంలో లేని మాట మైకులో పడకూడదన్నది ఆయన శాసనం. దగ్గినా రాసిచ్చాకే దగ్గాలన్నంత కచ్చితం.

ఆ ఉదయం వ్యవసాయ కార్యక్రమం టేపు మిషన్లో చిక్కుకుంది. పత్తి పురుగు గురించి చెబుతున్న చందర్లపాడు రైతు గొంతు సాగి సాగి ఆగిపోయింది. గడియారం గారు చేతికందిన వయొలిన్ రికార్డులు నాకిచ్చి, వెయ్యమని చెప్పి ఇంజనీరు కోసం పరుగెత్తారు. వాటికి ప్రకటన కాగితం లేదు కనుక నేను బుద్ధిగా ఏమీ చెప్పకుండానే ఒకటి వేశాను. అదయ్యాక ఇంకోటి వేశాను. రెండూ గుండె పిండేసే రాగాలే.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. ఎవరండీ పోయిందని ఒకరు, ఢిల్లీలోనా హైదరాబాదులోనా అని మరొకరు. ఆ తర్వాత ట్రంకాల్. జగ్గయ్యపేటలో ఆ పొద్దునే కొత్తగా బట్టల కొట్టు తెరుస్తున్న మా మేనమామ. మేనకోడలి గొంతు వింటూ మొదలుపెడదామని గల్లాపెట్టె మీద రేడియో పెట్టుకున్నాడు పాపం.

"కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నుంచున్నానే అమ్మడూ. ఈ ముహూర్తం దాటితే రేపట్నించి మూఢం. పక్క కొట్లవాళ్ళు తలుపులేసేస్తున్నారు. ఇలాంటి రోజున తెరిస్తే అచ్చిరాదంటున్నారు. ఎవరు పోయారో చెప్పు."

ఎవరూ పోలేదని, టేపు పాడైందని చెప్పాను. ఆయన గొంతు తేలికపడి, అంతలోనే మళ్ళీ బరువెక్కింది.

"నువ్వు చెబితే నాకు చాలు. వీళ్ళకి రేడియో చెప్పాలి."

అత్తయ్య గాజులు ఆ కొట్టులోకే వెళ్ళాయని నాకు తెలుసు. అప్పుడే తిరిగొచ్చిన గడియారం గారిని బతిమాలాను. డైరెక్టరు గారొచ్చి రాసిస్తేనే అన్నారాయన, గడియారం వంక చూస్తూ. ముహూర్తం డైరెక్టరు గారి కోసం ఆగదు కదా. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, తెరవకపోతే మామయ్య కొట్టు ఆగిపోతుంది. ఆయన చూపు గడియారం మీద ఉండగానే మైకు తెరిచాను.

"మీరు వింటున్నది వయొలిన్ సంగీతం. టేపు పాడైనందువల్ల వేశాం. శ్రోతలు కంగారు పడవద్దు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ బాగానే ఉన్నారు. కొట్లు తెరుచుకోవచ్చు."

(ఆ చివరి వాక్యం ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.) గడియారం గారు మొదటిసారి గడియారాన్ని వదిలేసి నా ముఖం చూశారు.

కాసేపటికి డైరెక్టరు గారు ఊడిపడ్డారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ ఎండిపోయి ఉంది. ఆ మాటలు ఎవరు రాసిచ్చారని అడిగారు. ఎవరూ రాయలేదన్నాను. మా నాన్న ముఖమూ, నందిగామ బస్టాండూ కళ్ళ ముందు తిరిగాయి. డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు.

"వయొలిన్ విని మా ఇంట్లో ఏడుపు మొదలెట్టారమ్మా, ఎవరి కోసమో కూడా తెలీకుండా. నువ్వు చెప్పాకే ఆపారు. రేపు వేళకి రా. ఇంకెప్పుడూ సొంత మాట మాత్రం మాట్లాడకు."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మామయ్య వేళలోనే కొబ్బరికాయ కొట్టాడని మధ్యాహ్నం ఫోనొస్తే, ఎవరూ చూడకుండా స్టూడియోలో ఏడ్చేశాను, సంతోషంతోనే.

డైరెక్టరు గారి మాట నేను జవదాటలేదు. ఉద్యోగం ఖాయమైంది. రిటైరయ్యేదాకా రాసిచ్చినవే చదివాను, నిజంగా పోయిన పెద్దవాళ్ళ కబుర్లతో సహా, ఒక్క అక్షరం తడబడకుండా. మంచి గొంతని శాలువా కూడా కప్పారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత సర్వీసులో నేను సొంతంగా పలికింది ఆ నాలుగు ముక్కలే. కాగితం లేకుండా మైకు తెరిచిన ఆ పిల్లను ఇంకాస్త మాట్లాడనిచ్చి ఉంటే ఏం చెప్పేదో వినాలని ఉంటుంది.