మా మామ గడ్డం పెట్టె

"చింతపండు తాకించినావంటే నేనీ పని ఇక్కడే వదిలేస్తా అవ్వా. దీనిమీద నికెల్ పూత ఉండాది. పులుపు తగిలితే లేచిపోతుంది."

"పూతంట. ఈ ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండుతోనే తోమినాను. ఏ చెంబు పాడైపోయిందో చూపించు. గడ్డం గీసే కత్తికి మాత్రం ఆన్‌లైన్‌లో సీసా నీళ్ళు తెప్పించాల్నా?"

"చెంబుకు పూత ఉండదు కదా అవ్వా."

"జీతం ఎక్కువైతే పాత ఇత్తడికి కూడా తలంట్లే."

బొమ్మనహళ్ళిలోని మా ఇంట్లో, వంటగది గట్టు దగ్గర నాకూ నా మనవరాలు శ్రావణికీ జరిగిన వాదన ఇది. శ్రావణికి హూడిలో కంప్యూటర్ ఉద్యోగం. సెలవు దొరికితే పాత గడియారాలూ తాళాలూ ముందేసుకుని తుడుస్తూ కూర్చుంటుంది. ఆ రోజు అటక దులుపుతుంటే మా మామ గడ్డం పెట్టె దొరికింది. తోలు తొడిగిన చిన్న చెక్కపెట్టె, లోపల నీలం మఖమల్ గుడ్డ, ఆ గుడ్డలో గుంటలు చేసి అమర్చిన, బ్లేడు బిగించే కత్తి, కుంచె, సబ్బు గిన్నె, పటిక బిళ్ళ. మూత ఎత్తగానే ఎండిన సబ్బూ పాత తోలూ కలిసిన వాసన గుప్పుమంది. చింతపండు నానేసిన గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కబ్బన్‌పేటలో మా అత్తవారింటి వెనకగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చిన వాసన అది.

ఆ పెట్టె మీద శ్రావణికి అంత పట్టుదల ఎందుకో నాకు తెలియకపోలేదు. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది, మూతి ఒక పక్కకు జారింది. నడక తిరిగి వచ్చింది, మాట కొంచెం వచ్చింది, చేయి మాత్రం రాలేదు. గడ్డం చేయడానికి ఇంటికొచ్చిన మనిషి ఆ జారిన బుగ్గను సంచి పట్టి లాగినట్టు లాగుతూ, ముసలాయనకు చెవులు వినబడతాయా అని మా కొడుకును అడిగాడు. ఆ తర్వాత ఆయన ఎవరినీ ముఖం మీద చెయ్యి వేయనివ్వలేదు. కొడుకు కొనుక్కొచ్చిన కరెంటు మిషన్ను తోసేశాడు. గడ్డం పెరిగింది. రోజూ పొద్దున్నే వీధి చివరి హోటల్లో స్నేహితులతో, ఒక కాఫీని ఇద్దరు పంచుకునే బైటూ కాఫీ తాగనిదే రోజు మొదలవని మనిషి గేటు దాటడం మానేశాడు. ప్రతి ఖర్చూ దండగనుకునే నాకు కూడా ఆ కాఫీ డబ్బులు మిగలడం లాభంగా తోచలేదు. తాను గీస్తానని శ్రావణి అంటే నేనే అడ్డుపడ్డాను. ఆడది మగవాడి గొంతు దగ్గరికి కత్తి తీసుకుపోకూడదు. అది మా అత్త చెప్పిన మాట. కనీసం తన నాయన కత్తి మెరుస్తూ ఎదురుగా ఉంటే తాత ఎడమచేత్తోనైనా పట్టుకుంటాడేమోనని ఆ పిల్ల ఆశ.

మూడో తరగతితో బడి మానేసి మగ్గం ఇంటికి కోడలిగా వచ్చిన నాకు తక్కిన చదువంతా మా అత్తే. తెగిన పట్టుపోగును పారేయనిచ్చేది కాదు, ముడి వేయించి కండెకు చుట్టించేది. ఒక పొద్దు నేను చిరిగిన గోనెసంచి వీధిలో వేయబోతే చేయి పట్టుకుని ఆపింది. "పారేసే ముందు రెండోసారి చూడు" అంది. ఆ సంచి మా ఇంట్లో చాలా కాలం కాళ్ళు తుడుచుకునే పట్టాగా బతికింది. నవ్వు అరుదు, మెచ్చుకోలు అసలే లేదు. పొద్దున స్నానం చేసి ముఖానికీ చేతులకూ మందంగా పసుపు రాసుకుని, వేడినీళ్ళ చెంబుతో వెనకగదిలోకి పోయి తలుపు వేసుకునేది. మామ గడ్డం గీసుకునే వేళ అది. ఈమె అద్దం పట్టుకుంటుందని అనుకునేదాన్ని. కాసేపటికి మామ నున్నటి ముఖంతో, కుడిచేయి భుజం మీది కండువా కింద పెట్టుకుని బయటికి వచ్చేవాడు. మగ్గం మీద కూర్చునేది మా ఆయన. పట్టు ఇచ్చే సావుకారు దగ్గరికి పోయేది మాత్రం మామే.

ఆ గడ్డం పెట్టె ఆయనకు తెల్లవాళ్ళ దండులో ఉండిన ఒక దొర ఇచ్చాడని చెప్పుకునేవాళ్ళు. కొత్తలో నేను గూడు దులుపుతూ దాన్ని తీయబోతే అత్త నా చేతిమీద ఒక్కటి వేసింది.

"ముట్టద్దు. పుస్తె కట్టుకున్న ఆడది మొగుడి కత్తి ముట్టితే ఇంటికి అరిష్టం. గొంతు దగ్గరికి ఇనుము తెచ్చేది యముడి పని, పెండ్లాం పని కాదు."

తడుముకోకుండా అంది కనుక అది శాస్త్రమనే నమ్మాను. నా కూతురికీ కోడలికీ అదే నేర్పాను.

శ్రావణి ఆ కత్తిని గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టింది. బిగుసుకుపోయిన తలను గుడ్డ చుట్టి తిప్పితే మూడు ముక్కలుగా ఊడి వచ్చింది. లోపలి రేకు మీద చిన్న అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. వాటిని ఫోనులో బొమ్మలతో పోల్చి చూసుకుని, ఇంగ్లండులో చేసిందని, స్వాతంత్ర్యానికి ముందుదని తేల్చింది. కుంచె వెంట్రుకలు పురుగు తినేశాయి. పిడి అదే ఉంచి కొత్త కుచ్చు తెప్పించి అతికించింది. ఎంతయిందని అడిగితే వినబడనట్టు ఊరుకుంది. మెత్తటి పళ్ళ బ్రష్షుతో రుద్దగా రుద్దగా కత్తి తల తెల్లగా తేలింది. పిడి మీద జారకుండా చెక్కిన అడ్డదిడ్డం గీతల్లో మాత్రం ఎర్రటి మడ్డి కదల్లేదు.

తుప్పు పట్టేసిందని పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. ఇత్తడికి తుప్పేమిటని నేను పిడిని వెలుతురులో తిప్పి చూశాను. ఆ ఎరుపు నాకెక్కడో తెలిసిన ఎరుపు. ఒక్క చుక్క చింతపండు రసం పిడి అడుగున వేయనివ్వమని బతిమాలితే, వెంటనే కడిగేయాలన్న షరతు మీద ఒప్పుకుంది. దూదితో చుక్క అద్దాను. ఎరుపు మా కళ్ళ ముందే పచ్చబడింది.

పసుపు. సున్నం తగిలినా సబ్బు తగిలినా పసుపు ఎర్రబడుతుంది, పులుపు పడితే మళ్ళీ పచ్చబడుతుంది. కుంకుమ కలిపే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు అనుమానం లేదు. మా మామ పసుపు రాసుకునే మనిషి కాడు. ఆ గీతల్లోకి అంత పసుపు దిగాలంటే పసుపు చేతులు ఆ పిడిని ఏళ్ళ తరబడి పట్టుకుని ఉండాలి.

హాల్లో కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మా ఆయన, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు.

"అమ్మే గీసేది."

దూది కింద పెట్టి ఆయన వైపు తిరిగాను. ఆయనే చెప్పాడు. "నాయన చెయ్యి వణికేది. దువ్వెన కూడా నిలిచేది కాదు. సావుకారుకు తెలిస్తే పట్టు ఇయ్యడు."

నేసేది మామేననుకునే సావుకారు, కొత్తగా మగ్గమెక్కిన కొడుకును నమ్మి పట్టు ఇవ్వడు, నిజమే. రోజూ తానే గీసుకునే మనిషి ఉన్నట్టుండి క్షవరం అంగడిలో కూర్చుంటే ఎందుకని పేటంతా అడుగుతుంది, అదీ నిజమే.

"నాకెందుకు చెప్పలేదు?"

"సావుకారు గోడ పక్కనే కదా మీ అమ్మ ఇల్లు. నీ నోట బయటపడుతుందని మా అమ్మకు భయం."

"మరి ఆ అరిష్టం?"

"అది నీకు చెప్పింది. తాను తలుపేసుకుని తన పని చేసుకునింది."

ఇన్నేళ్ళూ శాస్త్రమని నేను మోసింది ఒక తలుపు గొళ్ళెం. ఎవరి చేయి గట్టిదని, కరకుదని అనుకున్నానో ఆ చేయి రోజూ మామ గడ్డాన్ని సబ్బు నురగతో తడిపి, గొంతు మీది నరం పక్కగా కత్తి నడిపింది. అదీ నాకు గోడ అవతలే. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. ఈ సంగతంతా తెలిసిన మనిషి, మాసిన గడ్డంతో ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"మీరైనా నన్ను అడగచ్చు కదా."

"నువ్వు నమ్మినావు కదే" అన్నాడు. "ఎట్లా అడిగేది?"

శ్రావణి కత్తి కడిగి, ముక్కలు ఆరబెట్టి, పెట్టెలో సర్దింది. చింతపండు గిన్నె చారుకు వాడాను.

మరునాడు పొద్దున స్నానం చేసి చేతులకు పసుపు రాసుకున్నాను. వెనకగదిలోకి పోలేదు. వీధి వాకిట్లో కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాను. పాలు పోసే అతను చూశాడు, ఎదురింటామె ముగ్గు ఆపి చూసింది. కత్తికి కొత్త బ్లేడు బిగించి నురగ పూశాను. జారిన బుగ్గను ఎడమచేత్తో మెల్లగా పైకి పట్టుకుని గీశాను. మూతి వారన ఒకచోట తెగింది. పటిక అద్దాను.

"నాయనకూ ఆడే తెగేది" అన్నాడు.

ముఖం తుడుచుకుని, చెప్పులు వేసుకుని గేటు తీశాడు. బైటూ కాఫీకి నన్ను రమ్మన్నాడు. పోయాను.