సామాను లారీలో ఉండగానే

కడపకు బదిలీ అయిందని చెప్పేసరికి నా భార్య గిన్నెలు తోముతోంది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అప్పుడు మాట్లాడింది.

"ఇల్లు చూడు. బాగుంటే పాపా నేనూ వస్తాం. ఆత్మకూరు మాదిరి ఉంటే మాత్రం మేము ఈడే కర్నూల్లో ఉంటాం. నువ్వు వచ్చి పోతాండు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆత్మకూరు సంగతి చెప్పాలి. నాది ఎరువుల కంపెనీలో ఉద్యోగం. వారంలో సగం పల్లెల్లో డీలర్ల దగ్గరే గడిచిపోతుంది. ఆత్మకూరులో ఇల్లు తీసుకున్నప్పుడు మా గోడౌనుకు దగ్గరా కాదా అని ఒక్కటే చూశాను. ఊరు దాటాక చేల పక్కన కొత్త ఇల్లు. చుట్టూ హద్దురాళ్ళు పాతిన ప్లాట్లే తప్ప మనుషులు లేరు. నెలల పాపతో ఆమె పగలంతా అక్కడ ఎలా ఉందో నేను అడగలేదు. సాయంత్రం వచ్చి, గాలి బాగా వస్తోంది కదా అనేవాణ్ణి. ఒకసారి ఆమె పుట్టింటికని కర్నూలు వెళ్ళి, వాళ్ళమ్మ ఉండే వీధిలోనే చిన్న ఇల్లు చూసుకుని, మళ్ళీ ఆత్మకూరు రాలేదు. చివరికి నేనే కర్నూలుకు బదిలీ వేయించుకున్నాను. ఆ తర్వాత ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. నేను ఎత్తలేదు కాబట్టి ఆమె మర్చిపోయిందనుకున్నాను.

అందుకే కడపలో ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెదికాను. ఎండలు మండిపోతున్నాయి. బ్రోకరు బైకు వెనక కూర్చుని, తలకు తడి తువ్వాలు చుట్టుకుని కాలనీలన్నీ తిరిగాను. ఒక అపార్టుమెంటులో లిఫ్టు ఉంది, పార్కింగు ఉంది, పిల్లల అలికిడి లేదు. ఇంకోచోట కొత్త లేఅవుటు, అచ్చం ఆత్మకూరే. మరోచోట ఇల్లు ముచ్చటగా ఉంది కానీ బోరు ఎండిపోయి వీధి మొదట్లో ట్యాంకరు కోసం బిందెలు బారు తీరి ఉన్నాయి.

సాయంత్రం మైదుకూరు రోడ్డు వైపున్న ఒక కాలనీకి తీసుకెళ్ళాడు. వీధిలోకి తిరగగానే నాకు మనసు కుదుటపడింది. ఆడవాళ్ళు గడపల మీద కూర్చుని మల్లెలు కట్టుకుంటున్నారు. స్కూలు ఆటో ఆగితే పిల్లలు సంచులు విసిరేసి అక్కడే ఆటకు దిగారు. మేడమీద పోర్షను ఖాళీగా ఉంది. రెండు గదులు, వంటింట్లో పెద్ద కిటికీ. కింద నూనె వ్యాపారం చేసే పెద్దాయన, ఆయన భార్య ఉంటారు.

మెట్ల దగ్గర బ్రోకరు నా చెవిలో ఊదాడు. "అన్నా, వాళ్ళు నీసు తినరు, తినేవాళ్ళకు ఇయ్యరు. తినమని చెప్పేయ్. ఆదివారం హోటళ్ళు లేవా ఏంది?"

మాది సేద్యం చేసే కుటుంబం. ఆదివారం పొట్టేలు మాంసం ఉడకని ఇల్లు మా బంధువుల్లో లేదు. అదీగాక పాపకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ పొద్దున గుడ్డు పెడుతున్నాం. అన్నీ తెలిసే, పెద్దాయన అడిగినప్పుడు తినమని చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. "గుడ్డు కూడా ముట్టం," అన్నాను. ఉపాయం బ్రోకరుదే కానీ ఆ గుడ్డు మాత్రం నా సొంతం.

ఇంటికి ఫోను చేసి వీధి గురించి చెప్పాను, కిటికీ గురించి చెప్పాను, పిల్లల గురించి చెప్పాను. షరతు సంగతి చెప్పలేదు. సామాను దిగి, నాలుగు రోజులు అలవాటు పడ్డాక మెల్లగా చెప్పొచ్చనుకున్నాను. అంతా నేనే తేల్చేసి, వెనక్కి పోవడానికి వీల్లేకుండా చేసి, ఆ తర్వాత సర్దుకుపొమ్మనడం నాకు బాగా అలవాటు. అది మోసమని అప్పటికి తోచలేదు. బాధ్యత అనుకునేవాణ్ణి.

లారీ వచ్చిన రోజు పొద్దున్నే మేడమీద వంటింట్లో స్టవ్ పెట్టి, పాలు పొంగించడానికి కొత్త గిన్నె ఎక్కించింది నా భార్య. మొహం కళకళలాడుతోంది. కింది నుంచి పెద్దావిడ పసుపు కుంకుమలతో పైకొచ్చింది.

"మీ ఆయన చెప్పినాడమ్మా, మీరు గుడ్డు కూడా ముట్టరంట గదా. శానా సంతోషం. ఈ కాలంలో అట్లాంటోళ్ళు యాడ దొరుకుతారు?"

నా భార్య నావైపు చూసింది. పాప కూడా చూసింది. "మరి నా గుడ్డు?" అంది పాప.

పాలు ఇంకా పొంగలేదు. నా భార్య చెయ్యి చాచి స్టవ్ కట్టేసింది.

"ఏమప్పా, నువ్వు ఎప్పుడు మానితివి?" అంది. పెద్దావిడ ముందే అంది. తర్వాత గొంతు తగ్గించి, "కిందికి పోయి పెద్దాయనకు నువ్వే చెప్పిరా. నేను చెప్పను," అంది.

మెట్లు దిగాను. వీధిలో సగం సామాను లారీలో ఉంది, సగం రోడ్డు మీద ఉంది. హమాలీలు మా సోఫాలో కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. నన్ను చూసి ఒకాయన, "ఏమన్నా, మంచం ఎక్కియ్యాల్నా?" అన్నాడు. ఆగమని చెయ్యి చూపించాను.

పెద్దాయన ముందు గదిలో ఉన్నాడు. చెప్పేశాను. తింటామని, పాపకు రోజూ గుడ్డు పెడతామని, ఇల్లు పోతుందని అబద్ధం చెప్పానని. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"ముందే చెప్పింటే, లేదప్పా అని మర్యాదగా పంపిచ్చింటి. ఇప్పుడు లారీ వాకిట్లో పెట్టి చెప్తాండావు. ఆడబిడ్డను, పసిబిడ్డను సామానుతో సహా రోడ్డు మీదికి తోలమంటావా? తోలకపోతే నా వంటింటి మీద నువ్వు మాంసం ఉడికిస్తావు. నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు!"

"మాదే తప్పు, పోతాం," అన్నాను. మళ్ళీ సరిచేసుకుని, "నాదే తప్పు," అన్నాను.

అప్పటికి పెద్దావిడ మెట్లు దిగి వచ్చింది. వెనక నా భార్య.

"వెనక వీధిలో టీచరమ్మ వాళ్ళింట్లో ఒక పోర్షను ఖాళీగానే ఉండాది గదా," అంది పెద్దావిడ భర్తతో. "వాళ్ళు తినేవాళ్ళే. వాళ్ళ కోళ్ళు దినామూ మన గోడెక్కి కూస్తాండ్లా?"

"కూస్తాయి, కూస్తాయి," అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకుంటూ. "ఈయప్పను అడుగు, కోళ్ళంటే ఇష్టమేమో."

నా భార్య నవ్వాపుకోవడం చూశాను. ఆ క్షణంలో సగం ప్రాణం లేచొచ్చింది. ఆమె పాప చెయ్యి పట్టుకుని పెద్దావిడ వెంట బయల్దేరింది. నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వు ఈడే ఉండు," అంది.

ఉన్నాను. హమాలీల పక్కన, మా సోఫా చేతి మీద కూర్చున్నాను. ఎండ ముదురుతోంది. ఆమె కాదంటే లారీ ఇలాగే కర్నూలు వెళ్ళిపోతుంది, నేను లాడ్జిలో ఉంటాను. చాలాసేపు రాలేదు. విచిత్రంగా, నాకు కంగారు కంటే తేలికగానే ఉంది. దాచాల్సింది ఏమీ మిగల్లేదు. చెప్పాల్సిన మంచి మాటలు కూడా మిగల్లేదు.

తిరిగొచ్చినప్పుడు ఆమె ఒక్కతే వచ్చింది. పాప ఏదని అడిగాను.

"ఆడే ఆడుకుంటాంది. పక్కింట్లో ఇద్దరు ఆడపిల్లలుండారు. పిలిస్తే రాలేదు." తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పింది. "వంటిల్లు చిన్నది, గాలి రాదు. కొళాయి దినం మార్చి దినం వస్తాదంట. బాత్రూం తలుపు సరిగ్గా పడదు."

"అయితే వద్దా?"

"వద్దని ఎవరన్నారు? టీచరమ్మతో మాట్లాడినా. మనం తినేది, నువ్వు ఊర్లు తిరిగేది, అన్నీ చెప్పినా. ఈడే ఉంటాం." హమాలీల వైపు తిరిగి, "లేయండన్నా, వెనక వీధికి పోవాల," అంది.

నేను చూసిన ఇంటి కంటే అది అన్ని విధాలా తక్కువ ఇల్లు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, పాల గిన్నె, గ్యాస్ స్టవ్ నేనే పట్టుకుని నడిచాను.

తర్వాతి వారం క్యాంపు మీద పల్లెలకు వెళ్ళాను. సాయంత్రం డీలరు కొట్టు ముందు నిలబడి ఇంటికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఆత్మకూరులో ఉన్నప్పుడు మొదటి రింగుకే ఎత్తేది. ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చునేదని నాకు ఇప్పుడు తెలిసింది. చీకటి పడే వేళకు తనే చేసింది.

"ఫోను లోపలుండె. బయట అందరం కూర్చోనుంటిమి. ఏం, ఏమన్నా పనా?"

"ఏం లేదు," అన్నాను. "ఊరికే చేశాను."

"అయితే పెట్టేస్తా. పిలుస్తాండారు."