ఆమె అనని మాట

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో ఆడింది కాదు, రాసింది. రాతతోనే బతికినవాణ్ణి కాబట్టి అది మరింత బరువు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మూఢనమ్మకాల మీద సభల్లో వాదించడం నా పని. "ఆధారం చూపించు" అన్నది నా ఊతపదం. ఢిల్లీలో అలాంటి సభకే అమలాపురం నుంచి కారులో రాజమండ్రి వెళ్ళి విమానం ఎక్కబోయాను. సంచిలో మిత్రుడి కోసం పది కురిడీలు, అంటే లోపల నీరంతా ఇంకి గుండులా ఎండిన కొబ్బరికాయలు. కోనసీమవాళ్ళం చేతులూపుకుంటూ ఎవరింటికీ వెళ్ళం.

కౌంటర్లో ఉన్న అమ్మాయి సంచి చూసి, అవి విమానంలోకి కుదరవంది. నాకు నవ్వొచ్చింది. మా అటకల మీద నెలల తరబడి పడుండే కాయలకు భయమా? ఇదో కొత్త మూఢనమ్మకం అనుకున్నాను.

"రూలని ఎవడో చెబితే నమ్మేయడమేనా? నీకంటూ బుర్ర లేదా?" అన్నాను.

"మాది అల్లవరమండి. మా నాన్నగారిది కురిడీ వ్యాపారమేనండి. వాటిలో నూనె ఎక్కువండి. అంటుకుంటే ఆర్పడం కష్టమండి."

ఆధారమే చూపించింది. నేను వినలేదు. గొంతు పెంచాను. వెనక వరుసలోంచి ఎవరో, "మాస్టారూ, ఇది రావులపాలెం బస్సు కాదండీ!" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నవ్వకండి. పెద్దాయనండి, తెలియక తెచ్చేరు" అంది.

తెలియక! నాకా? ఎగతాళిని భరించేవాణ్ణి, జాలిని భరించలేకపోయాను. సంచి మా డ్రైవరుకు అందజేస్తానని ఆమె కారు నంబరు అడిగితే విసురుగా చెప్పి నడిచాను. సీట్లో కూర్చుని ఫోన్లో ఫిర్యాదు రాశాను, పదిమందిలో నన్ను 'బుద్ధిలేని ముసలాడా' అందని. పంపేశాను.

తిరిగొచ్చాక డ్రైవరు సత్తిబాబు చెప్పాడు. "ఆవిడే ఎండలో పార్కింగు దాకా మోసుకొచ్చేరండి. మాస్టారు పొద్దున్నే ఏమీ తినకుండా బయల్దేరినట్టున్నారు, ఈసారి దార్లో టిఫిన్ పెట్టించండి అన్నారండి."

మర్యాదంటే జీతానికి తొడుక్కునే యూనిఫారమని నేనే ఒకచోట రాశాను. అక్కడ ఆమెను చూసే అధికారి లేడు. నేనూ లేను. మరి ఎవరి కోసం? తన మీద అరిచిన మనిషి ఆకలి ఆమెకు ఎలా కనిపించింది? అద్భుతాలు లేవని జీవితమంతా వాదించిన నేను, ఆ ఎండలో నడిచివచ్చిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ తల వంచుతాను.

అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నానా? లేదు. ఒక్క ఉత్తరం చాలు. రేపు రాద్దామనుకున్నాను. పని ఒత్తిడి అనుకున్నాను. కాదు, సిగ్గు. మూడు నెలలకు మళ్ళీ ఆ కౌంటర్ దగ్గరికి వెళితే వేరే అబ్బాయి ఉన్నాడు. ఆమె గురించి అడిగాను.

"ఎవరో కంప్లైంటు పెట్టేరండి. ఉద్యోగంలోంచి తీసేసేరండి. చాలా మంచమ్మాయండి."

"అయ్యో" అన్నాను. ఆ ఎవరో నేనేనని అనలేదు. తర్వాత ఒకసారి అల్లవరం వెళ్ళి, సెంటర్లో టీ తాగి, కురిడీ వర్తకుల ఇళ్ళెక్కడని కూడా అడగకుండా తిరిగొచ్చాను.

క్షమాపణ అడగాల్సింది మిమ్మల్ని కాదు. అందుకని అడగను. ఆమె నన్ను తిట్టలేదు. చివరిదాకా 'అండి' అనే అంది. ఆ తిట్టు నా కల్పన. దీనివల్ల ఆమె ఉద్యోగం తిరిగి రాదు. అయినా రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.