చిన్నదాని పేరున మలీదా

మా కింది వాటాలో ఉండే, మేం పిన్నిలా ఖాలా అని పిలుచుకునే పెద్దావిడ మంగళవారం మధ్యాహ్నం పోయారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి "అమ్మ లేదక్కా" అన్నాడు. సాయంత్రానికల్లా ఇక్కడే, ఈ గల్ఫ్ ఊళ్ళో, అల్ ఖోబర్‌లోనే మట్టి చేశారు. ఆడవాళ్ళం ఇళ్ళలోనే ఉండిపోయాం. వచ్చే నెల ఆవిడ ఇక తిరిగి రాకుండా, ఫైనల్ ఎగ్జిట్ మీద కడప వెళ్ళిపోవాల్సింది. పెట్టెలు కూడా సర్దుకున్నారు. ఊరి మాట ఎత్తని రోజు లేదు ఆవిడకు. ఆ ఊరు చేరకుండానే పోయారంటే నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఈ దేశంలో నాకు పుట్టిల్లంటే ఆ కింది ఇల్లే. మాది కాకినాడ. నా పులుసు పాయసంలా ఉంటుందని ఆవిడ, ఆవిడ కూర తింటే చెవుల్లోంచి పొగలొస్తాయని నేను, వాదించుకుంటూనే గిన్నెలు మార్చుకునేవాళ్ళం.

గురువారం సాయంత్రం ఖాలా ఫాతెహా చదివేవారు. చపాతీలు చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేసి, పోయినవాళ్ళలో ఒకరి పేరున చదివి, స్టీలు గిన్నెలో పెట్టుకుని పైకొచ్చేవారు. "ఈ వారం ఎవరి పేరున ఖాలా?" అని మా అమ్మాయి అడిగేది. వాళ్ళ అత్తగారిదో, చిన్నప్పుడే పోయిన చెల్లెలిదో ఒక కథ చెప్పేవారు. ఆపైన ఇద్దరూ కొరియా సీరియల్ ముందు చేరేవారు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి మా అమ్మాయి తెలుగులో చెప్పాలి. "ఈ పిల్లోడు ఎప్పుడు జూసినా అప్పుడే మొగం కడుక్కోనొచ్చినట్టుంటాడే" అని హీరోని చూసి ఖాలా ముచ్చటపడేవారు.

ఒక గురువారం, జడలు వేసుకున్న ఇద్దరమ్మాయిల బొమ్మ చూసి పెళ్ళికథ అనుకుని ఓ కొరియా సినిమా పెట్టారు. తీరా అది యుద్ధకాలం కథ. వాళ్ళ దేశాన్ని ఆక్రమించిన సైనికులు, ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తామని చెప్పి ఆ ఇద్దరు స్నేహితురాళ్ళనూ తమ శిబిరానికి పట్టుకుపోతారు. అక్కడ ఏం జరుగుతుందో చెప్పలేక మా అమ్మాయి సగం మాటలు దాటేసింది. ఆపేద్దామని నేను వంటింట్లోంచి వస్తే ఖాలా నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపొద్దుమా. పడినోళ్ళు వాళ్ళు. మనం చూసేదానికేం?"

చివరికి ఆ ఇద్దరిలో పెద్దమ్మాయి ఒక్కతే ఊరు చేరింది. చిన్నది దారిలోనే పోయింది.

"ఆ చిన్నది గూడా ఇంటికి పోయిందా పాపా?" అని అడిగారు ఖాలా.

"పోయింది ఖాలా" అంది మా అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ లేచి కిందికి వెళ్ళిపోయారు.

మరుసటి గురువారం మలీదా వచ్చింది. ఎవరి పేరున అని అడిగితే, "ఇంటికి చేరని ఆ చిన్నదాని పేరున" అన్నారు. మా అమ్మాయి తల దించేసుకుంది. ఖాలా దాన్ని దగ్గరికి తీసుకుని, "ఇంటికి పోయుంటే నువ్వు అంతగా ఏడుస్తావా?" అన్నారు.

వాళ్ళబ్బాయి విని నవ్వాడు. సినిమాలో పిల్లకు ఫాతెహా ఏమిటి, అందులోనూ మనవాళ్ళు కాని పిల్లకు అన్నాడు.

"సినిమాలో ఒకతే. అట్ల పోయినోళ్ళు ఎంతమందో. వాళ్ళ పేర్లు నాకు తెల్దు, దేవునికి తెల్దా?"

అప్పట్నుంచి ఎవరి పేరున చదివినా, చివర్లో చిన్నదాన్ని కూడా తలుచుకునేవారు.

ఈ గురువారం ఆవిడ గిన్నె మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా ఎలా ఇస్తామని అట్టే పెట్టాను. మా అమ్మాయి తనే చపాతీలు కాల్చి, సగం మాడ్చి, మలీదా చేసింది. ఇద్దరం కిందికి వెళ్ళాం. తలుపు తీసిన అబ్బాయి వెనకాల ఖాలా పెట్టెలు అలాగే ఉన్నాయి. గిన్నె చూసి, "ఎవురి పేరున పాపా?" అన్నాడు.

"ఖాలా పేరున, చిన్నదాని పేరున. ఇద్దరూ ఇంటికి చేరలేదు కదా మామా."

అతను గడప మీదే కూర్చుని, మాడిన ముక్కలు కూడా వదలకుండా తిన్నాడు. లోపలికి వెళ్ళి గిన్నె కడిగి తెచ్చాడు. అందులో వాళ్ళమ్మ డబ్బాలోని బెల్లం ముక్క ఒకటి ఉంది.