ఒరిజినల్ పిస్టన్

చర్చి వెనక రేకుల షెడ్డు పడగొట్టి వంటగది కడుతున్నాం, బండి తీసుకుపోతారా, పాత ఇనుము వాళ్లకు ఇచ్చేయమంటారా అని కొత్త పాస్టరుగారు ఫోను చేసినప్పుడు నేను పదో తరగతి ఫిజిక్సు పేపర్లు దిద్దుతున్నాను. ఆ చికాకులో ఏమీ ఆలోచించకుండా "తీసుకుపోతానండి" అనేశాను. ఆ ఒక్క మాట నా ఎనిమిది నెలలు మింగింది.

ఆ బండి మా నాన్న మోటారుసైకిలు. వినుకొండ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో సంఘాలకు ఆయనే కాపరి. ఆదివారం పొద్దున్నే బయలుదేరి ఒక ఊళ్లో ఆరాధన ముగించి, ఇంకో ఊళ్లో మొదలుపెట్టేవాడు. మధ్యలో బండే ఆయనకు ఇల్లు. రెండు సైలెన్సర్లు, ఒకటే సిలిండరు. గేరు మార్చే కడ్డీనే వెనక్కి తిప్పితే కిక్ రాడ్ అవుతుంది. అలాంటివి చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. నాన్న పోయాక పదకొండేళ్లుగా ఆ బండి షెడ్డులోనే నిలబడి ఉంది.

జ్ఞాపకంగా దాచుకుందామని తెచ్చానని అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆ బండి నేర్పించమని నాన్నను అడిగాను. "సంఘంలో మాటొస్తుందమ్మా" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు, మర్చిపోనూ లేదు. ఇప్పుడు యాభై దాటాను. ఎవరి మాటా రాదు. వచ్చినా వినే ఓపిక లేదు.

ట్రాక్టరు ట్రక్కులో వేసి తెచ్చిన బండిని మావారు గేటు దగ్గర నిలబడి చూశారు. "దీనికన్నా ఒక గేదెను తెచ్చుకున్నా పాలన్నా వచ్చేవి" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ బండిని మొదటినుంచీ బాగుచేసిన మేస్త్రీ ఇంకా ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. మిరపకాయల గోడౌను పక్కన షెడ్డు. గోడౌనులో బస్తాలు కదిలినప్పుడల్లా షెడ్డులో ఉన్నవాళ్లందరం తుమ్ముతాం, ఆయన తప్ప. నేను చిన్నప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఆయనకు మా నాన్నంటే "అయ్యగారు". బండిని చూసి పేరు పెట్టి పిలిచినంత పని చేశాడు. చేత్తో ట్యాంకు తుడిచి, కిక్ రాడ్ మీద కాలు వేసి నొక్కాడు. అది కదల్లేదు.

"పట్టేసిందమ్మాయ్. పిస్టను సిలిండరుకి అతుక్కుపోయింది."

హెడ్డు విప్పి, పైనుంచి డీజిలు పోసి వారం నానబెట్టాడు. కదల్లేదు. ఇంకో వారం నానబెట్టాడు. ఆఖరికి చెక్క దిమ్మె పెట్టి సుత్తితో కొడితే పిస్టను నాలుగు ముక్కలై బయటికొచ్చింది. బొగ్గు పట్టి, తుప్పు తిని, దాని నెత్తిన ఉండే సైజు అంకెలు ఏవీ కనపడలేదు. ఆ ముక్కల్ని మేస్త్రీ పాత పేపర్లో చుట్టి ఒక డబ్బాలో పడేశాడు.

"కొత్త పిస్టను కావాలి. ఒరిజినలే తేవాలి. డూప్లికేటు తెస్తే నేను చెయ్యి పెట్టను. అయ్యగారి బండి ఇది. నా చేతుల మీదుగా ఎన్నడూ దొంగ సామాను ఎక్కలేదు దీనికి."

ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే నాక్కూడా అదే పట్టుదల పట్టుకుంది.

ఆన్‌లైన్‌లో ఒకటి దొరికింది. డబ్బా మీద ఒరిజినల్ అని ఇంగ్లీషులో రెండుచోట్ల రాసి ఉంది. మేస్త్రీ డబ్బా విప్పకుండానే వాసన చూశాడు. "కాదు" అన్నాడు. విప్పి, పిస్టనుకు అడ్డంగా పోయే పిన్ను దూర్చితే రంధ్రంలో గలగల్లాడింది. తిప్పి పంపడానికి నేను ఆ కంపెనీ వాళ్లతో పద్దెనిమిది రోజులు ఫోన్లో మాట్లాడాను. ఫోనెత్తిన ప్రతి గొంతుకీ కథ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. ఒకమ్మాయి చాలా ఓపిగ్గా, "మేడమ్, పిస్టన్ సైజు నచ్చలేదా, రంగు నచ్చలేదా?" అని అడిగింది.

తర్వాత గుంటూరులో ఒక పాత స్పేరు పార్టుల షాపు. "ఉందండి, వచ్చేయండి" అన్నాడు ఫోన్లో. సెలవు పెట్టి వెళ్లాను. తీరా చూస్తే అది వేరే మోడలుది. "ఇదైతే ఉందండి" అన్నాడు, నేను అడిగిందీ ఇదీ అన్నదమ్ములైనట్టు.

ఆ తర్వాత చీమకుర్తి. అక్కడ గ్రానైటు కటింగు యూనిట్ నడిపే ఒకాయన దగ్గర అలాంటి బండి రెండోది కూడా ఉందని, విడిభాగాలకు ఇస్తాడని మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు చెప్పారు. రెండు బస్సులు మారి, రాళ్ల లారీల వెనక దుమ్ము తింటూ వెళ్లాను. ఆఫీసు గదిలో నల్లరాతి దిమ్మె మీద బండి పెట్టి, పైన లైటు వేసి ఉంచాడు. అద్దంలా మెరుస్తోంది. రెండోది ఎక్కడుందండీ అంటే, రెండూ కలిపే దీన్ని చేయించానన్నాడు.

"పోనీ, దీని ఇంజను ఎప్పుడైనా తిప్పుతారా?"

"ఇంజనా? లోపల ఏం లేదు మేడమ్. బరువని తీసేయించా. ఇది షోకి."

తీసినవి ఎక్కడున్నాయని అడిగే శక్తి కూడా లేక అతనిచ్చిన కూల్‌డ్రింకు తాగి లేచాను. తిరుగు బస్సులో నా చీర నిండా రాతిపొడి. పక్కన కూర్చున్నామె నన్ను క్వారీలో పనిచేస్తావా అని అడిగింది.

చివరికి దాచేపల్లి దగ్గర దొరికింది. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన దగ్గర, అలాంటి బండి పిస్టను, ఏనాడూ వాడనిది ఉందని మేస్త్రీకి ఎవరో చెప్పారు. వెళ్లాను. ఆయన బీరువా తెరిచి, మడతపెట్టిన చొక్కాల మధ్యనుంచి పసుపు మైనం కాగితంలో చుట్టిన పొట్లం తీశాడు. నా చేతికివ్వలేదు. తన చేతిలోనే ఉంచుకుని చూపించాడు.

"మీ బండి ఏదండీ?" అన్నాను.

"అమ్మేశాను. చాలా ఏళ్లయింది."

"మరి ఈ పిస్టను?"

"దానిదే."

"బండి లేదు కదండీ."

"బండి పోయిందని పిస్టను కూడా ఇచ్చేయాలా అమ్మా?"

ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. మూడు వారాలాగి మళ్లీ వెళ్లాను. ఆయన మళ్లీ తీసి చూపించి మళ్లీ లోపల పెట్టాడు. ఆ రోజు నరసరావుపేట బస్టాండులో కూర్చుని, ఇంటికెళ్లగానే ఈ బండిని పాత ఇనుముకి ఇచ్చేస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఇంటికి రాగానే మావారు, "ఏమైంది, ఇవ్వన్నాడా?" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ఒట్టు గట్టున పెట్టాను.

మూడోసారి వెళ్లినప్పుడు ఆయన భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఇచ్చేయండి. ఇన్నేళ్లనుంచీ చొక్కాలకు గ్రీజు మరకలు ఉతకలేక చస్తున్నా" అంది.

ఆయన పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలి, కొత్త పిస్టను వేశాక మొదట్లో ఎంత స్పీడు దాటకూడదు, రింగు ఖాళీ ఎంత ఉండాలి. నేను అన్నిటికీ చెప్పాను. ఆఖరి ప్రశ్న సిలిండరు లోపలి వెడల్పు గురించి వేశాడు.

"బోరు కొలిచారా?"

"మా మేస్త్రీకి ఆ బండి మొదటినుంచీ తెలుసండి. బోరు ఎన్నడూ మార్చలేదన్నాడు."

"కొలిచారా అని అడిగాను."

"కొలిచినట్టే అండి" అన్నాను. ఎలాగైనా ఆ పొట్లం చేతికి రావాలని తప్ప నాకింకేమీ పట్టలేదు. ఆయన ఇచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి తెచ్చాను.

శనివారం మధ్యాహ్నం. మేస్త్రీ కాగితం విప్పి, పిస్టన్ను కళ్లకద్దుకుని, సిలిండరులోకి జార్చాడు. ఎక్కడా ఆగకుండా కిందికి జారి, టక్‌మని బల్లకు తగిలింది. బావిలో చెంబు వేసినట్టుంది. ఆయన దాన్ని తీసి మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నేను స్కూలుకి వెళ్లి, ల్యాబు తాళం తీయించి, వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాను. ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి పిల్లలకు, కొలవకుండా అంచనా వేయకండర్రా అని చెప్పేది నేనే. సిలిండరు లోపలి కొలతకూ పిస్టనుకూ దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడా.

"బాబాయ్, ఎవరో బోరు పెద్దది చేశారు దీన్ని."

ఆయన డబ్బాలోంచి పాత పిస్టను ముక్కలు తీసి వెలుతురులోకి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఒక ముక్కకు పిన్ను రంధ్రంలో, దాన్ని బిగువు చేయడానికి దూర్చిన ఇత్తడి బుష్షు కనపడింది. మసి కింద అదింతకాలం ఎవరికీ కనపడలేదు.

"ఇది నా పనేనమ్మా, మర్చేపోయా" అన్నాడు.

"ఏది?"

"ఇది ఆటో పిస్టను. ఎండల్లో ఒకసారి బండి పట్టేసింది. ఒరిజినలు రావడానికి నెల పడుతుందన్నాను. అయ్యగారు ఒప్పుకోలా. ఆదివారం మూడూళ్లలో బల్ల ఆరాధన ఉంది, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలి, ఏదో ఒకటి వేసి నడిపించు అన్నారు. నేనే లేతు మీద బుష్షు చేయించి, బోరు కొట్టించి ఎక్కించా. తర్వాత మార్చుదామంటే, నడుస్తోందిగా, ఎందుకులే అన్నారు."

"ఎన్నాళ్లు నడిచింది అట్లా?"

"ఇంకేముంది, ఆఖరుదాకా."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. దొంగ సామాను ఎక్కలేదన్న మనిషి ఈయన. కొలవకుండా ఊళ్లు పట్టుకు తిరిగింది నేను. అన్నిటికన్నా మా నాన్న మీద వచ్చింది. ఎవరి బండికని నేను ఇంత నిష్ఠగా ఒరిజినల్ వెతికానో, ఆయనకే ఆ నిష్ఠ లేదు. నోరు తెరిస్తే పెద్దమనిషిని ఏమంటానోనని వెర్నియర్ తీసుకుని ఇంటికి వచ్చేశాను. నాలుగు రోజులు ఆ వీధిలోకి వెళ్లలేదు.

ఐదో రోజు మేస్త్రీయే ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. సిలిండరులో లైనరు వేయించి పాత కొలతకు తెస్తానని, ఒరిజినలే ఎక్కిద్దామని, ఇంకో రెండు నెలలు ఓపిక పట్టమని అడిగాడు.

"ఆటో పిస్టను ఇప్పుడు దొరుకుతుందా బాబాయ్?"

"దానికేం. మన పక్క వీధి షాపులోనే ఉంటాయి."

మావారు లోపల్నుంచి దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"అదే వెయ్యి" అన్నాను.

ఒరిజినల్ పిస్టన్ను దాచేపల్లి తీసుకెళ్లి ఫిట్టరుగారికి తిరిగిచ్చాను. జరిగిందంతా చెప్పాను. ఆయన మైనం కాగితం ఎక్కడ చిరిగిందో చూశాడు, పిస్టన్ను చొక్కా అంచుతో తుడిచాడు, అన్నం తిని వెళ్లమన్నాడు. బీరువాలో మళ్లీ చొక్కాల మధ్యనే పెట్టాడు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూసిన చూపును ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా చూడకూడదని కోరుకుంటున్నాను. అన్నం మాత్రం కొసరి కొసరి వడ్డించింది.

బండి తయారయ్యేసరికి పత్తి ఏరడం మొదలైంది. పన్నెండో కిక్కుకి ఇంజను పలికింది. షెడ్డంతా తెల్లటి పొగ. గోడౌనులో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు దగ్గుతూ బయటికొచ్చి, మిరప ఘాటుకి లేని దగ్గు మీ బండికి వచ్చిందేంటని మేస్త్రీని తిట్టారు. ఆయన వినలేదు. చెవి ఇంజను దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని ఉన్నాడు. నాక్కూడా ఆ చప్పుడు గుర్తే. నాలుగు రోజుల కోపం ఎటు పోయిందో తెలియలేదు.

స్కూలు మైదానంలో వారం పాటు నేర్చుకుని, ఒక ఆదివారం పొద్దున్నే ఒంటరిగా రోడ్డెక్కాను. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు ట్రాక్టర్ల మీదనుంచి రాలిన పత్తి అంటుకుని ఉంది. మూడో గేరులో గాలి ముఖానికి కొట్టినప్పుడు, ఈ సంతోషాన్ని నాన్న నాకు ముప్పై ఏళ్లు ఆలస్యం చేశాడని బాధ కలిగింది. ఆయన మీద ప్రేమ తగ్గలేదు. బాధ మాత్రం బాధే.

ఆరో కిలోమీటరు దగ్గర బండి ఆగిపోయింది. ప్లగ్గు తీసి తుడిచాను, పెట్టాను, కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. చల్లారనిద్దామని గట్టు మీద కూర్చున్నాను. మిరప చేలో కలుపు తీస్తున్న ఒకామె నడుం ఎత్తి చూసింది.

"ఎవరిదమ్మా ఆ బండి?"

"నాదే."

"నీదైతే తోసుకుపో మరి. ఎండెక్కుతాంది" అని మళ్లీ వంగింది.

లేచి, కొంగు నడుముకు దోపుకుని, తోయడం మొదలుపెట్టాను.