కెట్టునెన్ మాస్టారి అట్ట స్లెడ్లు

కెట్టునెన్ మాస్టారు దేన్నీ నమ్మేవారు కాదు. త్రాసును ఇంకో త్రాసు మీద పెట్టి తూచేవారు. థర్మామీటరు సున్నాకు ఇరవై కింద చూపిస్తే, కిటికీ తెరిచి ముక్కు బయటపెట్టి, "పద్దెనిమిది," అనేవారు.

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా బడిలో ఆయన ఫిజిక్స్ చెప్పేవారు. ఫిబ్రవరి పరీక్ష గుట్ట మీద జరిగేది. అట్టలు, టేపు మాత్రమే వాడి స్లెడ్ చేయాలి. దాని మీద కూర్చుని మంచులో జారాలి. ఎందుకు జారిందో చెప్పాలి.

ఆ పరీక్ష తప్పితే నన్ను శనివారం ఐస్ హాకీ ఆడనివ్వరు. జట్టుకు ఉన్న ఒకే ఒక్క గోల్‌కీపర్‌ని నేను.

ముందురోజు మాస్టారు, "స్లెడ్లన్నీ ఇక్కడ వదిలి వెళ్ళండి," అన్నారు.

"ఎందుకు సార్?"

"అనుమానం."

"దేని మీద?"

"మీ మీద."

బయటికి రాగానే మా క్లాసు నోలన్ నా చెయ్యి గిల్లాడు. "ఐలా, ఈయన మన స్లెడ్లను ఏదో చేస్తాడే. పద, చూద్దాం."

ఇద్దరం మంచుదిబ్బ వెనక నక్కాం. అరవై రెండేళ్ళ మాస్టారు హెల్మెట్ పెట్టుకుని, ఒక్కొక్క స్లెడ్ మీదా గుట్ట దిగుతున్నారు. కింద నిలబడి, బడి ఊడ్చే స్టెఫ్కో ఆయన్ని లేపి, మంచు దులిపి, మళ్ళీ పైకి తోలుతున్నాడు.

పన్నెండోది నాది. సగం దారిలో మడతపడింది. స్లెడ్ అక్కడే ఆగింది. మాస్టారు ఆగలేదు. తల మంచులో, బూట్లు ఆకాశంలో.

పరుగెత్తాను. "అది నాదే సార్! తప్పినట్టేనా?"

మాస్టారు మంచు ఉమ్మి, "ఎందుకు ఆగింది?" అన్నారు.

"బరువంతా ముందు పడింది. అంచు కిందికి వంగి మంచులో దిగబడింది."

"మరి నేనెందుకు ఆగలేదు?"

"మిమ్మల్ని ఆపేది ఏమీ లేదు కదా సార్."

"నీకు తెలుసేమోనని అనుమానంగానే ఉండేది. ముందంచు పైకి మడిచి, రేపు తీసుకురా."

స్టెఫ్కో విసుక్కున్నాడు. "పదేళ్ళుగా మొత్తుకుంటున్నా, పిల్లలకంటే ముందు మీరు జారే బదులు బంగాళాదుంపల బస్తా దొర్లించి చూడండని. వింటేగా!"

"ఎక్కడ తగిలిందో బస్తా చెప్పదయ్యా," అని మాస్టారు పదమూడో స్లెడ్ చంకన పెట్టుకుని గుట్ట ఎక్కారు.

నేను పాసయ్యాను. శనివారం మాస్టారు ఆటకు వచ్చి, మొదటి నుంచి చివరిదాకా నిలబడే చూశారు.

"కూర్చోండి సార్," అన్నాడు నోలన్.

ఆయన బల్లకేసి ఓరగా చూశారు. "దాని మీద నాకు నమ్మకం లేదు."