పోయినవాళ్ల పేర్లు

అవీనో పెద్ద సరస్సు పక్కనున్న కిసుము పట్నంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. సరస్సు ఒడ్డు ఆసుపత్రుల కోసం రోగుల వివరాలు రాసిపెట్టే అప్లికేషన్ తయారుచేయడం ఆమె పని. అది సరిగా నడుస్తుందో లేదో చూడాలంటే ఒక డేటాబేసు ఉండాలి. అసలుది ముట్టుకుంటే ప్రమాదం కాబట్టి తన ల్యాప్‌టాప్‌లోనే ఒక కంటైనర్, అంటే పరీక్షకు వాడి పారేసే ఉత్తుత్తి డేటాబేసు, పెట్టుకుంది. దాన్ని ఆమె పెట్టె అంటుంది. పదకొండు వరుసల ఫైలు రాసింది. అందులో పెట్టె పేరు, తాళపు మాట, ఏ ద్వారంలోంచి పలకాలో, మొదట ఏ పేర్లు నింపాలో, అన్నీ ఉంటాయి. పొద్దున ఒక్క ఆజ్ఞ ఇస్తే పెట్టె లేస్తుంది. సాయంత్రం అయిదింటికి ఇంకో ఆజ్ఞతో మాయమవుతుంది. మర్నాడు మళ్లీ కొత్తది, మరక లేకుండా.

పెట్టె పోయినా లోపలి సరుకు కొంత డిస్కులో మిగిలిపోతుందని ఆమెకు తెలుసు. డిస్కు నిండిపోతుంటే, మూడు నెలల కిందట ఆ సాయంత్రపు ఆజ్ఞ చివర, ఆ సరుకునూ చెరిపేసే ఒక్క అక్షరం చేర్చింది. అప్పటినుంచి ఏదీ మిగలడం లేదు.

మొదట నింపే ఇరవై పేర్లూ చచ్చిపోయినవాళ్లవి. "బతికున్నవాళ్ల పేరు పక్కన రోగం రాయకే. పిలిచినట్టవుతుంది" అని నానమ్మ ఒకసారి అంది. అవీనో నవ్వింది కానీ, తన వంశంలో పోయినవాళ్ల పేర్లే రాసుకుంది. ఒబుదో, మలేరియా. అగోలా, క్షయ. రాబురు, కుక్కకాటు. పోయినవాళ్లకు ఇక ఏమవుతుందిలే అనుకుంది.

ఆ బుధవారం న్యావారె తీరంలోని చిన్న ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ ఉన్నది ఒకే నర్సు, సిప్రోసా.

"వచ్చావా పిల్లా. ఆ మిషను నా ఉద్యోగం తినేస్తుందా, నన్ను తింటుందా?"

"మీ రాత బాధ తీరుస్తుంది సిస్టరమ్మా. పాత రిజిస్టరు ఇవ్వండి. కిసుము తీసుకెళ్లి అందులోవన్నీ ఎక్కించి ఇస్తాను."

సిప్రోసా బరువైన రిజిస్టరు తెచ్చి ఇచ్చింది. అవీనో దాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగింది. గంటసేపు కొత్త పేరు ఎలా చేర్చాలో చూపించింది. ఆమెకు వేళ్లు తిరిగాక, ల్యాప్‌టాప్ బల్లమీదే ఉంచి, సంచి భుజాన వేసుకుని ఒడ్డున చేపలు, ఉగాలి అనే మొక్కజొన్న సంకటి తినడానికి వెళ్లింది.

అన్నం వేళకు ఒడ్డున కుక్కలు మొరిగాయి. తర్వాత ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. నోట్లో ముద్ద పెట్టుకోబోయి అవీనో తల ఎత్తింది. దూరంగా ఎవరో పరుగెత్తుతున్నారు. చేపల దగ్గర తగువై ఉంటుందని మళ్లీ తినసాగింది.

తిరిగొచ్చేసరికి ఆసుపత్రి నేల మీద తడి, గాయాలు కడిగిన పొటాషియం పర్మాంగనేటు నీళ్ల ఊదారంగు మరక. సిప్రోసా చేతులు కడుక్కుంటోంది.

"ఏమైంది సిస్టరమ్మా?"

"కుక్క. పిచ్చిది, ఏడుగురు పిల్లల్ని కరిచింది. ఉన్న మందంతా ఒక్కో సూదికే అయిపోయింది. రెండోది శనివారం పడాలి. మందు వస్తే ఫోన్ చేస్తానని చెప్పి పంపాను." తుండుతో చేతులు తుడుచుకుంటూ అంది. "నీ మిషన్లో పేర్లన్నీ ఎక్కించాను. బాగానే పలికింది."

అంతకుముందు నేర్పినవాటి గురించే అంటోందనుకుంది అవీనో. "ఇంత తొందరగా నేర్చుకున్నారే" అని నవ్వింది.

అయిదైంది. తెరమీద జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఒబుదో. అగోలా. రాబురు. ఆ సరస్సు ఒడ్డున పోయిన తాతల పేర్లే పుట్టిన పిల్లలకు పెడతారని ఆమెకు తెలియక కాదు. ఆమె పేరూ అలా వచ్చిందే. కానీ ఆ పేర్ల పక్కన రోగం చూడటం ఏడాదిగా అలవాటైపోయింది. వరుసలు ఇరవై ఉన్నాయా, ఇరవై ఏడు ఉన్నాయా లెక్కపెట్టలేదు. ఆజ్ఞ రాసి, చివర ఆ అక్షరం చేర్చి, మీట నొక్కింది.

శనివారం పొద్దున సిప్రోసా ఫోన్ చేసింది.

"మందు వచ్చింది పిల్లా. ఆ ఏడుగురి నంబర్లు చెప్పు."

"నంబర్లు నా దగ్గరెక్కడివి?"

అవీనో సంచి తెరిచి పాత రిజిస్టరు బయటికి తీసింది. చివరి పేజీలో మంగళవారం దాకానే ఉంది.

"సిస్టరమ్మా, పేర్లు ఎక్కించానన్నారే, అవి..."

"పుస్తకం నీ సంచిలో పెట్టుకుపోయావు కదే. ఇంకెక్కడ రాయను?"

మొదటి బస్సుకే న్యావారె వెళ్లింది. ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. మధ్యాహ్నానికి ఆరుగురు దొరికారు. ఏడోవాడు రాబురు, నాలుగేళ్లవాడు, కాటు చెంపమీద. వాడి తల్లి ఆ తీరం మనిషి కాదు, చేపలు కొనడానికి వచ్చి వెళ్లింది. ఎక్కడినుంచో ఎవరికీ తెలియదు. ఆమె జాడకు ఉన్నదల్లా పెట్టెతో చెరిగిపోయిన ఆ నంబరే.

అవీనో ఐస్‌డబ్బాలో మందు పెట్టుకుని మోటారు సైకిలెక్కి ఒక్కో తీరానికీ వెళ్లింది. దిగిన ప్రతిచోటా "రాబురు, రాబురు" అని పిలిచింది. ఒకచోట పడవకు తారు పూస్తున్నవాడు పలికాడు. ఇంకోచోట బడిపిల్లలు ఇద్దరు వచ్చారు. ఎవరి చెంపమీదా గాయం లేదు. నాలుగో తీరంలో వల అల్లుతున్న ముసలాయన అల్లడం ఆపాడు.

"రాబురు మా నాన్న. పోయి నలభై ఏళ్లు. ఆయనతో నీకేం పనమ్మా?"

డబ్బాలో ఐసు కరిగి నీళ్లు చప్పుడు చేశాయి.

ఆ వారమంతా తిరిగింది, పై వారమూ తిరిగింది. ఆఫీసులో పెట్టె లేపడం మానేసింది. అయిదైతే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

కుక్క కరిచిన పంతొమ్మిదో రోజు సిప్రోసా ఫోన్ చేసింది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"ఆ బాబు తల్లి దొరికింది పిల్లా. తనే వచ్చింది. మీరు ఫోన్ చేస్తానన్నారు కదా, పొలానికి పోయినా ఫోను పక్కనే పెట్టుకున్నాను అంటోంది."

"బాబు?"

"ఒళ్లోనే ఉన్నాడు." వెనక ఎవరో నీళ్ల కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు, వెంటనే పసివాడి కేక వినిపించాయి. "పొద్దుటినుంచి నీళ్లు చూస్తే ఇలాగే అరుస్తున్నాడట."